శ్రుతి నిలిచే చిన్న సింథసైజర్‌ను ఇంట్లో కట్టుకోవడం

తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి, ఐసి (పలు విడిభాగాల పని ఒక్కటే చేసే చిప్పు) ఒకటి, చిల్లర విడిభాగాలు రెండు మూడు ఉంటే స్పీకరు చేత కూత పెట్టించడం పది నిమిషాల పని. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. అయితే ఆ కూత ఇంకా వాద్యం కాలేదు. పొద్దున ఒక స్థాయిలో, మిట్టమధ్యాహ్నం మరో స్థాయిలో, బ్యాటరీ నీరసించాక వేరొక స్థాయిలో పలికే పెట్టెతో ఎవరూ కలిసి పాడలేరు. 1919లో ఆరంభమై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో పెరిగినవాణ్ణి కనుక, శ్రుతి నిలవని పెట్టెను వాద్యం అనడానికి నాకు మనసు ఒప్పదు. అందుచేత ఇక్కడ వివరించే సింథసైజర్‌లో ప్రతి విడిభాగాన్నీ ఒకే ప్రశ్న అడిగి ఎంచుకున్నాను: దీనివల్ల షడ్జం నిలుస్తుందా, జారుతుందా?

మనం కట్టబోయేది మోహన రాగంలోని ఆరు స్వరస్థానాలను, అంటే సరిగపదలను, పై షడ్జాన్ని ఆరు మీటలపై పలికించే పెట్టె. దాని వెనుక తంబురాలాగా మంద్ర షడ్జమూ పంచమమూ మోగుతూ ఉంటాయి. ఒక గుండీ తిప్పితే నాదం మెత్తబడుతుంది, ఇంకొక గుండీ తిప్పితే స్వరం దరువులుగా తెగుతుంది. రాబర్ట్ మూగ్ 1964లో అమెరికాలో రూపొందించిన సింథసైజర్‌లో స్వరస్థాయిని వోల్టేజీ నిర్ణయిస్తుంది, ఒక వోల్టు పెరిగితే స్థాయి ఒక అష్టకం పైకి వెళుతుంది. మన దేశంలో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు 1969లోనే ఆ తరహా యంత్రం వచ్చింది. మన పెట్టెలో అంత ఏర్పాటు లేదు. ఇక్కడ ఒక్కొక్క స్వరానికి, కరెంటు ప్రవాహాన్ని అడ్డుకునే రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది, అంతే. తొలిసారి కట్టేవారికి ఇదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ స్వరం ఎక్కడ పుడుతోందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

నాదం పుట్టే చోటు

సీడీ 40106 అనే ఐసికి పద్నాలుగు కాళ్లు ఉంటాయి. దానిలో ష్మిట్ ట్రిగ్గర్ అనే తరహా ఇన్వర్టర్లు ఆరు ఉంటాయి. ఇన్వర్టర్ చేసే పని తలకిందులు చేయడం: లోపలికి వచ్చే వోల్టేజీ తక్కువగా ఉంటే బయటికి ఎక్కువ, ఎక్కువగా ఉంటే బయటికి తక్కువ ఇస్తుంది. ష్మిట్ ట్రిగ్గర్‌కు ఉన్న విశేషం ఏమిటంటే, దానికి గడపలు రెండు. అయిదు వోల్టుల సరఫరాపై లోపలి వోల్టేజీ సుమారు 2.9 వోల్టులు దాటి పైకి వెళ్లేదాకా అది మనసు మార్చుకోదు, ఒకసారి మార్చుకున్నాక సుమారు 1.9 వోల్టుల కిందికి దిగేదాకా తిరిగి మారదు.

ఇప్పుడు ఇన్‌పుట్ కాలు నుంచి గ్రౌండుకు, అంటే బ్యాటరీ రుణ కొసకు, విద్యుత్తును కాసేపు నిలవ చేసే కెపాసిటర్‌ను ఒకదాన్ని, అవుట్‌పుట్ కాలు నుంచి ఇన్‌పుట్ కాలికి ఒక రెసిస్టర్‌ను కలపండి. అవుట్‌పుట్ అయిదు వోల్టులలో ఉన్నప్పుడు రెసిస్టర్ గుండా కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, పై గడప దాటగానే అవుట్‌పుట్ సున్నాకు పడుతుంది, అప్పుడు అదే రెసిస్టర్ గుండా కెపాసిటర్ ఖాళీ అవుతుంది, కింది గడప దాటగానే మళ్లీ మొదటికి వస్తుంది. ఈ నిండడమూ ఖాళీ కావడమూ సెకనుకు 261 సార్లకు పైచిలుకు జరిగితే అది హార్మోనియంపై ఒకటో శ్రుతి షడ్జం. రెసిస్టర్ విలువ తగ్గితే నిండే వేగం పెరిగి స్వరం పైకి పోతుంది, కెపాసిటర్ పెద్దదైతే స్వరం కిందికి దిగుతుంది. లెక్కగా చెప్పాలంటే, రెసిస్టర్ విలువను ఓమ్‌లలో, కెపాసిటర్ విలువను ఫారడ్లలో తీసుకొని, రెండింటినీ గుణించి, వచ్చిన దానితో 1.2ను భాగిస్తే సెకనుకు ఎన్ని ఆవర్తనాలో సుమారుగా తెలుస్తుంది. 46 కిలో ఓమ్‌లకు 0.1 మైక్రోఫారడ్ చొప్పున వేసి చూస్తే 261 దగ్గరకు వస్తుంది. ఆ 1.2 అనే అంకె ఒక ఐసికీ మరొక ఐసికీ కొంత మారుతుంది కనుక లెక్క మనల్ని స్వరం దరిదాపులకే చేరుస్తుంది, మిగిలినది చెవితో సరిచేయవలసిందే.

కొనవలసినవి, కొనేటప్పుడు చూడవలసినవి

టీవీలు, యాంప్లిఫయర్లు మరమ్మతు చేసే దుకాణాల్లో ఎల్ఎం 386 అనే యాంప్లిఫయర్ ఐసి, స్పీకరు, రెసిస్టర్లు, వాల్యూమ్ కంట్రోళ్లు సులువుగా దొరుకుతాయి. 40106 మాత్రం చిన్న పట్టణాల్లో అన్ని చోట్లా ఉండదు. విశాఖపట్నం నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవలసి రావచ్చు, తెప్పిస్తే రెండు తెప్పించడం మంచిది. సోల్డరింగ్ లేకుండా విడిభాగాలు గుచ్చి కలిపే బ్రెడ్‌బోర్డు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, ఒక ఆన్ ఆఫ్ స్విచ్, ఎనిమిది ఓమ్‌ల చిన్న స్పీకరు, నొక్కుడు స్విచ్‌లు ఆరు, 78ఎల్05 రెగ్యులేటర్ ఒకటి, కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ ఒకటి, మామూలు మల్టీమీటర్ ఒకటి కావాలి. మిగిలిన విలువలను వాటి వాటి చోట్ల చెబుతాను.

కెపాసిటర్ల విషయంలో మాత్రం దుకాణంలో కాస్త పట్టుపట్టండి. 104 అని ముద్రించిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అడిగితే సాధారణంగా చేతిలో పెట్టేది గోధుమరంగు సెరామిక్ బిళ్ల. సరఫరా తీగల దగ్గర వేయడానికి అది చక్కగా పనికివస్తుంది కానీ స్వరం పుట్టించే చోట పనికిరాదు, ఎందుకంటే ఆ రకాల్లో చాలావాటి విలువ వేడితోపాటు మారిపోతుంది. నేను మొదట కట్టిన పెట్టెలో సెరామిక్ బిళ్లలే వేశాను. ఫిబ్రవరిలో పొందికగా పలికిన మోహనం మే నెల మధ్యాహ్నానికి గుర్తుపట్టలేనంతగా జారిపోయింది, ఐసి పాడైందనుకొని అనవసరంగా కొత్తది మార్చాను. స్వరాల కోసం మైలార్ లేదా పాలిస్టర్ కెపాసిటర్లు అడిగి తీసుకోండి, అవి ఆకుపచ్చని నిగనిగలాడే పూతతోనో చిన్న పెట్టె ఆకారంలోనో ఉంటాయి. రెసిస్టర్లలో కూడా స్వరాల దగ్గర వేసేవి ఒక శాతం తేడా గల మెటల్ ఫిల్మ్ రకమైతే మంచిది. శ్రుతి సరిచేసే ప్రీసెట్లలో, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్లలో, ఒకే చుట్టు తిరిగేవి, పాతిక చుట్లు తిరిగేవి అని రెండు రకాలు ఉన్నాయి. నీలిరంగు పెట్టెలా ఉండి, పైన చిన్న ఇత్తడి మర ఉండే రెండో రకానికి ధర ఎక్కువైనా అదే కొనండి. ఒకే చుట్టు ప్రీసెట్‌లో స్క్రూడ్రైవర్ వెంట్రుకవాసి కదిలినా రిషభం గాంధారం వైపు పరుగెత్తుతుంది.

40106 బదులు 74హెచ్‌సీ14 ఇస్తామంటే, దాని కాళ్ల అమరిక ఒకటే అయినా అది ఆరు వోల్టులకు మించి తట్టుకోదని గుర్తుంచుకోండి. మన ఏర్పాటులో అయిదు వోల్టులే ఉంటాయి కనుక ప్రమాదం లేదు, కానీ దాని గడపలు వేరు కనుక ఇక్కడ ఇచ్చిన రెసిస్టర్ విలువలు దానికి సరిపోవు.

స్పీకరు వైపు నుంచి మొదలుపెట్టడం

సర్క్యూట్‌ను ఎడమ నుంచి కుడికి, అంటే నాదం పుట్టే చోటు నుంచి స్పీకరు దాకా కట్టుకుంటూ పోవడం సహజంగా తోచే పద్ధతి. నేను దీనికి ఎదురుగా చేయమంటాను. ముందు స్పీకరు, ఆ తరువాత యాంప్లిఫయర్, చివరికి స్వరాలు. ఇలా చేస్తే ప్రతి దశలోనూ చెవికి ఏదో ఒకటి వినిపిస్తుంది, వినిపించకపోతే తప్పు ఇప్పుడే కలిపిన నాలుగు తీగల్లో ఉందని తేలిపోతుంది.

ఎల్ఎం 386కు ఎనిమిది కాళ్లు. ఐసిపై ఉన్న గంటు మీకు ఎడమవైపు ఉండేలా, బ్రెడ్‌బోర్డు నడిమి కాలువకు అటూ ఇటూ కాళ్లు పడేలా గుచ్చండి. కింది వరుసలో ఎడమ చివరిది ఒకటో కాలు. అక్కడి నుంచి కుడికి లెక్కపెట్టి, పై వరుసలో కుడి నుంచి ఎడమకు తిరిగి రావాలి. రెండో కాలునూ నాలుగో కాలునూ గ్రౌండుకు, ఆరో కాలును తొమ్మిది వోల్టులకు కలపండి. ఆరో కాలికీ గ్రౌండుకూ మధ్య వంద మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టండి, గీత ఉన్న వైపు గ్రౌండుకు రావాలి. అయిదో కాలు అవుట్‌పుట్. దాని నుంచి 220 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ధన కాలు, దాని రుణ కాలి నుంచి స్పీకరు, స్పీకరు రెండో తీగ గ్రౌండుకు. అయిదో కాలి నుంచే పది ఓమ్‌ల రెసిస్టర్‌ను, దానికి వరుసగా 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను గ్రౌండుకు కలిపితే, చెవికి అందని ఎత్తులో ఐసి తనంతట తాను ఊగిపోకుండా ఉంటుంది. ఒకటి, ఎనిమిది కాళ్లను ఖాళీగా వదిలేస్తే యాంప్లిఫయర్ ఇరవై రెట్లు పెంచుతుంది, మనకు అది చాలు.

బ్యాటరీ కలిపి, మల్టీమీటర్‌తో అయిదో కాలు చూడండి. సరఫరాలో సగం, అంటే నాలుగున్నర వోల్టుల దరిదాపులో ఉండాలి. ఆ తరువాత మూడో కాలికి ఒక తీగ గుచ్చి, రెండో కొసను వేలితో తాకండి. ఇంట్లోని కరెంటు తీగల ప్రభావం మన ఒంటి మీదుగా వెళ్లి స్పీకరులో బుర్రుమంటుంది. రేడియో మెకానిక్కులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పరీక్ష ఇది, బ్యాటరీతో నడుస్తోంది కనుక ఇందులో భయమేమీ లేదు. ఈ మొత్తం పనిలో గోడ ప్లగ్గు జోలికి ఎక్కడా పోకండి. అడాప్టర్లు వాడటం అలవాటయ్యాక చూసుకోవచ్చు.

బ్రెడ్‌బోర్డుల్లో కొన్నింటికి అంచున ఉండే ఎరుపు, నీలం సరఫరా వరుసలు మధ్యలో తెగి ఉంటాయి. వరుస పక్కన ఉండే రంగు గీత ఎక్కడైనా ఆగిందేమో చూసి, ఆగితే చిన్న తీగతో కలపండి. దీనివల్ల పోయే సమయం ఇంతా అంతా కాదు.

అయిదు వోల్టుల పునాది

ఇన్వర్టర్ గడపలు సరఫరా వోల్టేజీతోపాటు పైకీ కిందికీ జరుగుతాయి, కానీ సరిగ్గా అదే నిష్పత్తిలో జరగవు. అందువల్ల బ్యాటరీ దిగేకొద్దీ స్వరం మారుతుంది. పైగా తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ మీద స్పీకరు గట్టిగా మోగినప్పుడల్లా వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది, ఆ కుంగుబాటు స్వరంలో వణుకుగా వినిపిస్తుంది. 78ఎల్05 రెగ్యులేటర్ ఈ రెండు దోషాలనూ తొలగిస్తుంది. బ్యాటరీ సుమారు ఏడు వోల్టులకు దిగేదాకా అది అయిదు వోల్టులను కదలకుండా నిలబెడుతుంది.

చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు అవుట్‌పుట్, నడిమిది గ్రౌండు, కుడి కాలు ఇన్‌పుట్. లోహపు రెక్క ఉన్న పెద్ద 7805లో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది కనుక ఒకదాని బొమ్మ చూసి మరొకదాన్ని కలపకండి. ఇన్‌పుట్ దగ్గర 0.33, అవుట్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లను గ్రౌండుకు వేయండి. ఎల్ఎం 386ను మాత్రం నేరుగా బ్యాటరీ మీదే ఉంచాలి. అవుట్‌పుట్ 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య ఉందని చూశాకే 40106 గుచ్చండి.

40106 సీమాస్ తరహా ఐసి. ఒంటిపై పేరుకునే స్థిర విద్యుత్తు దానిని దెబ్బతీయగలదు, కనుక దానిని ముట్టుకునే ముందు ఇనుప కుళాయినో కిటికీ ఊచనో ఒకసారి తాకండి. పద్నాలుగో కాలు అయిదు వోల్టులకు, ఏడో కాలు గ్రౌండుకు. ఈ రెండు కాళ్లకూ వీలైనంత దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ బిళ్ల ఒకటి ఉండాలి. అది లేకపోతే ఒక ఆసిలేటర్ (ఇన్వర్టర్, కెపాసిటర్, రెసిస్టర్ కలిసి స్వరం పుట్టించే ఏర్పాటు) మారినప్పుడల్లా సరఫరాలో పుట్టే చిన్న కుదుపు పక్క ఆసిలేటర్‌ను తన వైపు లాగుతుంది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ జతలు వరుసగా 1 నుంచి 2, 3 నుంచి 4, 5 నుంచి 6, 9 నుంచి 8, 11 నుంచి 10, 13 నుంచి 12. మనం వాడేవి మొదటి నాలుగు. మిగిలిన 11, 13 కాళ్లను గాలిలో వదలకుండా గ్రౌండుకు కట్టేయండి.

ఆరు మీటలు

40106 ఒకటో కాలి నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ మైలార్ కెపాసిటర్ వేయండి. ప్రతి మీటకూ ఒక వరుస కావాలి: రెండో కాలి నుంచి 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తరువాత 50 కిలో ఓమ్‌ల ప్రీసెట్, దాని తరువాత నొక్కుడు స్విచ్, స్విచ్ నుంచి ఒకటో కాలు. ప్రీసెట్‌లో నడిమి కాలునూ ఒక చివరి కాలునూ కలిపేస్తే అది మార్చగల రెసిస్టర్‌గా పనిచేస్తుంది. 15 కిలో ఓమ్‌లు ఎందుకంటే, ప్రీసెట్ పూర్తిగా సున్నాకు తిరిగినా స్వరం కీచుమంటూ ఎక్కడికో ఎగిరిపోకుండా అడ్డుకట్ట ఉండాలి. 47 కిలో ఓమ్‌ల ప్రీసెట్లు దొరికినా ఇబ్బంది లేదు.

మీటలేవీ నొక్కనప్పుడు ఒకటో కాలు ఏ ఆధారమూ లేకుండా కెపాసిటర్‌తో మిగిలిపోతుంది. దానికి ఒక మెగా ఓమ్ రెసిస్టర్‌తో అయిదు వోల్టుల వైపు ఆనుడు ఇవ్వండి. అప్పుడు వేలు తీయగానే కెపాసిటర్ నిండి, అవుట్‌పుట్ సున్నాలో స్థిరపడి, పెట్టె మౌనంగా ఉంటుంది. గ్రౌండు వైపు ఆనుడు ఇచ్చినా మౌనమే వస్తుంది కానీ, అప్పుడు అవుట్‌పుట్ అయిదు వోల్టుల వద్ద నిలిచి, తరువాత మనం చేర్చబోయే దరువు ఖాళీగా ఉన్నప్పుడు కూడా టక్కుటక్కుమంటుంది.

రెండు మీటలు కలిపి నొక్కితే రెండు స్వరాలు రావు. రెండు రెసిస్టర్లూ పక్కపక్కన చేరి మొత్తం విలువ తగ్గి, రెండింటికంటే పైన ఉండే మూడో స్వరమేదో పలుకుతుంది. దీనిని లోపంగా తీసుకోకండి, ఈ వాద్యం వేణువులాగా ఒక వేళకు ఒకే స్వరం పలికేది.

రెండో కాలి నుంచి 22 కిలో ఓమ్‌లు, దానికి వరుసగా 100 కిలో ఓమ్‌లు వేసి కలయిక బిందువు అనదగిన ఒక చోటికి చేర్చండి. ఆ బిందువు నుంచి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్, దానికి వరుసగా 50 కిలో ఓమ్‌ల కంట్రోల్ గ్రౌండుకు వెళతాయి. ఇది నాదాన్ని మెత్తబరిచే గుండీ. ఇన్వర్టర్ నుంచి వచ్చేది చతురస్రాకారపు తరంగం, అందులో మూలస్వరంతోపాటు దానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్ల స్థాయిలో ఉండే హార్మోనిక్స్ బలంగా ఉంటాయి. అందుకే అది క్లారినెట్ కింది స్వరాలను తలపిస్తుంది. గుండీ ఒకవైపు తిప్పేకొద్దీ పై హార్మోనిక్స్ గ్రౌండులోకి జారిపోయి నాదం గుండ్రనవుతుంది. అదే కలయిక బిందువు నుంచి మరొక 0.1 మైక్రోఫారడ్ గుండా 10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ పై కాలికి, దాని కింది కాలు గ్రౌండుకు, నడిమి కాలు ఎల్ఎం 386 మూడో కాలికి కలపండి.

వాల్యూమ్ తక్కువలో ఉంచి ఏదో ఒక మీట నొక్కండి. శబ్దం రాకపోతే రెండో కాలును మల్టీమీటర్‌తో చూడండి. మీట నొక్కినప్పుడు రెండున్నర వోల్టుల దగ్గర చూపిస్తే ఆసిలేటర్ ఊగుతున్నట్టే, తప్పు దాని తరువాత ఉంది. సున్నాలోనో అయిదులోనో బిగుసుకొని ఉంటే తప్పు ఆరు వరుసల్లోనో ఒకటో కాలి దగ్గరో ఉంది.

శ్రుతి చేయడం

ఈ పనికి తొందర లేని సాయంత్రం ఒకటి కేటాయించండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారు పనసకర్రతో కుండ, దండి తొలిచిన తరువాత, మైనంలో ఇరవైనాలుగు మెట్లను ఒక్కొక్కటిగా చెవి పెట్టి కూర్చోబెడతారు. ఆ మెట్టు జరగడానికీ మన ప్రీసెట్ మర తిరగడానికీ తేడా లేదు, రెండు చోట్లా చెప్పేది చెవే.

పెట్టెను పది నిమిషాలు ఆన్ చేసి ఉంచాక ఫోనులో తంబురానో, ఇంట్లో ఉంటే శ్రుతిపెట్టెనో ఒకటో శ్రుతిలో పెట్టండి. బ్యాటరీ తీసి, ఐసిని కూడా ఊడదీసి, మల్టీమీటర్‌తో ముందుగా ప్రతి వరుస మొత్తం విలువను దరిదాపుగా సర్దుకుంటే పని తేలికవుతుంది: షడ్జానికి 46, రిషభానికి 41, గాంధారానికి 37, పంచమానికి 31, ధైవతానికి 28, పై షడ్జానికి 23 కిలో ఓమ్‌లు. ఈ అంకెలు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. షడ్జంతో పోలిస్తే చతుశ్రుతి రిషభం తొమ్మిదికి ఎనిమిది, అంతర గాంధారం అయిదుకు నాలుగు, పంచమం మూడుకు రెండు, చతుశ్రుతి ధైవతం అయిదుకు మూడు, పై షడ్జం రెండుకు ఒకటి నిష్పత్తిలో ఉంటాయి. స్వరం ఎంత పైకి వెళితే రెసిస్టర్ అంత తగ్గాలి కనుక 46ను ఆ నిష్పత్తులతో భాగించాను.

తరువాత ఐసి తిరిగి గుచ్చి, షడ్జం మీట నొక్కి పట్టుకొని మరను మెల్లగా తిప్పండి. తంబురా షడ్జానికి మన షడ్జం దగ్గరవుతున్నకొద్దీ రెండు నాదాల మధ్య ఒక అల పుడుతుంది: మొదట వడివడిగా, తరువాత నెమ్మదిగా, ఆ తరువాత ఊపిరి తీసినంత నింపాదిగా. ఆ అల పూర్తిగా నిలిచిపోయిన చోట ఆగండి. సెకనుకు రెండు అలలు వినిపిస్తే రెండు నాదాల మధ్య తేడా సెకనుకు రెండు ఆవర్తనాలని అర్థం. ఫోనులో స్వరస్థాయి అంకెను చూపే ఆప్‌లు ఉన్నాయి, ముందుగా దగ్గరకు రావడానికి వాటిని వాడుకోండి. చివరి వెంట్రుకవాసిని మాత్రం కంటికి అప్పగించకండి. అల ఆగిన క్షణాన్ని ఒకసారి సరిగ్గా విన్న పిల్లలకు శ్రుతి అంటే ఏమిటో ఎవరూ మళ్లీ వివరించనక్కరలేదు, ఈ పెట్టె కట్టమని నేను ప్రోత్సహించడానికి పెద్ద కారణం అదే.

వెనుక మోగే షడ్జ పంచమాలు

మూడో కాలి నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ మైలార్, నాలుగో కాలి నుంచి మూడో కాలికి 68 కిలో ఓమ్‌లు, 50 కిలో ఓమ్‌ల ప్రీసెట్ వరుసగా వేస్తే మంద్ర షడ్జం వస్తుంది. మొత్తం విలువ 92 దగ్గర ఉండాలి. అయిదు, ఆరు కాళ్లకు అదే విధంగా 33 కిలో ఓమ్‌లు, 50 కిలో ఓమ్‌ల ప్రీసెట్ వేస్తే మంద్ర పంచమం, మొత్తం విలువ 61 దగ్గర. రెండింటి అవుట్‌పుట్‌లనూ చెరొక 100 కిలో ఓమ్‌లతో కలయిక బిందువుకు చేర్చండి. మధ్యలో చెరొక చిన్న స్విచ్ పెడితే కావలసినప్పుడు ఆపుకోవచ్చు.

మంద్ర షడ్జాన్ని శ్రుతి చేశాక ఒక చక్కని సౌకర్యం దొరుకుతుంది. దాని మూడో హార్మోనిక్ సరిగ్గా మన మీటపై ఉన్న పంచమం. కాబట్టి మంద్ర షడ్జం మోగుతుండగా పంచమం మీట నొక్కితే, ఫోను సాయం లేకుండానే అల వినిపిస్తుంది, ఆ అల ఆగేదాకా పంచమం మర తిప్పుకోవచ్చు. మెత్తబరిచే గుండీని ఈ సమయంలో పూర్తిగా తెరిచి ఉంచాలి, లేకపోతే ఆ మూడో హార్మోనిక్ మరుగున పడుతుంది.

దరువు

తొమ్మిదో కాలి నుంచి గ్రౌండుకు ఒక మైక్రోఫారడ్, ఎనిమిది నుంచి తొమ్మిదికి 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఒక మెగా ఓమ్ కంట్రోల్ వరుసగా వేస్తే సెకనుకు సుమారు ఒకసారి నుంచి ఇరవై అయిదు సార్ల దాకా ఊగే నెమ్మది ఆసిలేటర్ తయారవుతుంది. ఎలక్ట్రోలిటిక్ వాడితే ధన కాలు తొమ్మిదో కాలికి రావాలి. మీటల నాదం వెళ్లే 22, 100 కిలో ఓమ్‌ల మధ్య కలిసే చోట 1ఎన్4148 డయోడ్‌ను పెట్టి, నల్లని గీత ఉన్న కొసను ఒక స్విచ్ గుండా ఎనిమిదో కాలికి కలపండి. ఎనిమిదో కాలు సున్నాలో ఉన్నప్పుడల్లా స్వరం డయోడ్ గుండా జారిపోయి దాదాపు నిశ్శబ్దమవుతుంది, పైకి లేచినప్పుడు స్వరం తిరిగి వినిపిస్తుంది. నెమ్మదిగా ఉంచితే స్వరానికి నడక వస్తుంది, వేగం పెంచుతూ పోతే తప్పెటగుళ్ల ఆట ముగింపులో దరువు ముమ్మరించినట్టు స్వరం బిగుసుకుంటుంది. శ్రుతి చేసేటప్పుడు ఈ స్విచ్ ఆపి ఉంచండి.

పలక మీదికి, పెట్టెలోకి

బ్రెడ్‌బోర్డు మీద వారం రోజులు వాయించి, అన్నీ కుదిరాకే రంధ్రాల బోర్డు మీద సోల్డరింగ్ చేయండి. పాతిక వాట్ల ఐరన్ చాలు. ఐసిలను నేరుగా అంటించకుండా వాటికి సాకెట్లు వేయండి. సోల్డర్ తీగలో సాధారణంగా సీసం ఉంటుంది కనుక కిటికీ దగ్గర కూర్చొని పనిచేసి, ముగించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అంటించడం పూర్తయ్యాక బోర్డుపై మిగిలిన ఫ్లక్స్ జిగురును స్పిరిట్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తీసేయడం మరచిపోవద్దు. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తేమ పట్టిన జిగురు కాళ్ల మధ్య కనిపించని రెసిస్టర్‌లా పనిచేసి, వర్షాకాలంలో శ్రుతిని లాగుతుంది.

పెట్టెకు పనస చెక్క ముక్కలు దొరికితే అంతకన్నా కావలసింది లేదు, లేకపోతే ప్లైవుడ్ పనికివస్తుంది. స్పీకరు ముందు రంధ్రాలు, వెనుక అరచేయి పట్టేంత తెరపి ఉంచండి. ప్రీసెట్ల మరలకు ఎదురుగా స్క్రూడ్రైవర్ దూరే చిల్లులు పెట్టకపోతే, శ్రుతి చేయవలసి వచ్చినప్పుడల్లా పెట్టె విప్పవలసి వస్తుంది. నొక్కుడు స్విచ్‌ల బదులు ఆరు ఇత్తడి పట్టీలను చెక్కపై బిగించి, ఒకటో కాలి నుంచి వచ్చే తీగకు ఒక ఇత్తడి కడ్డీ తగిలించి, దానితో పట్టీలను తాకుతూ వాయించవచ్చు. 1967లో ఇంగ్లండులో రూపొందిన స్టైలోఫోన్ అనే చిన్న వాద్యం ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. కడ్డీని ఒక పట్టీ నుంచి పక్క పట్టీకి చురుకుగా దాటించడం వేళ్లకు త్వరగా అలవాటవుతుంది, పైగా రెండు మీటలు ఒకేసారి నొక్కే పొరపాటు చాలావరకు తప్పుతుంది.

మోహనం కుదిరాక ఇంకో రెండు వరుసలు చేర్చి, సరళీ వరుసలు నేర్పే మాయామాళవగౌళకు మారవచ్చు. అప్పుడు దరిదాపు విలువలు షడ్జానికి 46, శుద్ధ రిషభానికి 43, అంతర గాంధారానికి 37, శుద్ధ మధ్యమానికి 34.5, పంచమానికి 31, శుద్ధ ధైవతానికి 29, కాకలి నిషాదానికి 24.5, పై షడ్జానికి 23 కిలో ఓమ్‌లు. నిషాదానికీ పై షడ్జానికీ మధ్య తేడా ఒకటిన్నర కిలో ఓమ్‌లే కనుక ఆ రెండింటినీ అన్నిటికంటే చివర, పెట్టె మూత బిగించిన తరువాత, లోపలి గాలి వెచ్చబడేదాకా ఒక గంట మోగనిచ్చి శ్రుతి చేయండి.